ఆరోగ్యశ్రీ డాక్టరంటే చిన్నచూపెందుకు?

బంధువుల్లో ఎవరికైనా గుండె ఆపరేషన్ పడిందనగానే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. ఫలానా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఉందట అని ఒకరంటారు. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి, పక్కనున్న పెద్దమనిషి పెదవి విరుస్తాడు. "అయితే అక్కడ అంత మంచి డాక్టర్లు ఉండరేమోలే!" చేయి తిరిగిన డాక్టరు ప్రభుత్వ కార్డుకు వైద్యం చేయడట, చేసేవాడు రెండో రకమట. ఈ లెక్క మధ్యతరగతి ఇళ్ళు దాటి, తెల్ల రేషన్ కార్డున్న ఇళ్ళలోకీ వచ్చేసింది. చేతిలో కార్డు పెట్టుకుని మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తున్నారు. ఇది శుద్ధ తప్పు లెక్క.

అసలు ఆరోగ్యశ్రీలో చేరేది డాక్టరు కాదు, ఆసుపత్రి. పథకాన్ని నడిపే ట్రస్టుతో ఒప్పందం చేసుకునేది యాజమాన్యం. అదీ విభాగాల వారీగా ఉంటుంది. ఒకే భవనంలో గుండె జబ్బులకు కార్డు చెల్లుతుంది, పై అంతస్తులో కీళ్ళకు చెల్లదు. అంతమాత్రాన పైనున్న ఎముకల డాక్టరు కింది డాక్టరు కంటే గొప్పవాడైపోతాడా? అమెరికాలో అయితే వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ కింద వచ్చే రోగులను చూడాలా వద్దా అన్నది డాక్టరే తేల్చుకోవచ్చు. అక్కడున్న అబ్బాయి ఫోన్లో చెప్పిన ఆ పద్ధతిని తెచ్చి ఖమ్మానికో కాకినాడకో అతికిస్తే ఎలా? ఇక్కడ జీతానికో వాటాకో పనిచేసే సర్జన్‌ను ఈ విషయంలో అడిగే నాథుడే ఉండడు. పథకంలోంచి బయటికొచ్చిన ఆసుపత్రి డబ్బు లెక్కలు చూసుకుని బయటికొస్తుంది. డాక్టరు ప్రతిభకూ దానికీ సంబంధం లేదు.

ఇక డిగ్రీల సంగతి. నెట్‌వర్క్ ఆసుపత్రి కావాలంటే పడకలు, ఐసీయూ, రాత్రింబవళ్ళు డ్యూటీ డాక్టర్లు చూపించాలి. స్పెషలిస్టుల సర్టిఫికెట్లు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్లు ట్రస్టుకు ఇవ్వాలి. ఆ తనిఖీ ఎంత నిఖార్సుగా జరుగుతుందన్నది వేరే ప్రశ్న. కనీసం ఆ కాగితాలు బయటివాడొకడు అడిగి చూస్తాడు. నగదు మాత్రమే తీసుకునే నర్సింగ్ హోమ్ బోర్డు మీద పేరు వెనకాల రైలు బోగీల్లా తగిలించిన అక్షరాలను ఎవరు చూశారు? గుర్తింపు పొందిన అర్హతలనే పేరు పక్కన రాసుకోవాలని, రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్‌లో కనపడేలా పెట్టాలని, చీటీ మీద, రసీదు మీద కూడా వేయాలని 2002 నాటి వైద్య నీతి నియమావళి చెబుతోంది. వాటి స్థానంలో 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో పక్కన పెట్టేశారు కాబట్టి ఇప్పటికీ పాతవే దిక్కు. మీ వీధి చివర ఆసుపత్రి చీటీ ఒకటి తీసి చూడండి, నంబరుందేమో.

బోర్డు మీద 'ఎం.డి.' కనపడితే మనకు కళ్ళు మూసుకుపోతాయి. రష్యా వంటి దేశాల్లో వైద్యవిద్య మొదటి డిగ్రీకే ఆ పేరుంటుంది. మన దగ్గర అది ఎంబీబీఎస్‌తో సమానం. ఇక్కడి పరీక్ష గట్టెక్కి వచ్చినవాళ్ళు నిక్షేపంగా డాక్టర్లే, వాళ్ళను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ రెండక్షరాలు చూసి స్పెషలిస్టు అనుకుని వెళ్ళేవారూ, ఆ పొరపాటును సరిదిద్దకుండా ఊరుకునేవారూ ఉన్నారు. అటుపక్క డీఎన్‌బీ చేసిన డాక్టరును "ఎం.డి. కాదా అండీ?" అని అడుగుతారు! రెండూ పోస్టుగ్రాడ్యుయేట్ అర్హతలే.

ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిలో మా దూరపు బంధువుకు స్టెంట్ వేయాల్సి వచ్చింది. పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర కార్డు ఇచ్చి ఫొటో దిగాక, అక్కడే తచ్చాడుతున్న బిల్లింగ్ కుర్రాడు పక్కకు పిలిచాడు.

"కార్డు మీదైతే జూనియర్లు చేస్తారు బాబాయ్. క్యాష్ అయితే పెద్దసారే చేస్తారు. స్టెంట్ కూడా మంచిది పడుద్ది."

ఆయన భార్య మెడలోని గొలుసు తడుముకుంది. ఆ ఆసుపత్రిలో స్టెంట్లు వేసే కార్డియాలజిస్టు ఒక్కడే. పెద్దసారూ ఆయనే, జూనియరూ ఆయనే. ప్యాకేజీలో స్టెంట్ ఖర్చు కలిసే ఉంటుంది, పైన పైసా అడగడానికి వీల్లేదు. చిన్నచూపు ఊరికే పుట్టలేదు. దాన్ని అమ్ముకునేవాళ్ళున్నారు.

చేయి తిరగడం సంగతికొస్తే, కత్తి పట్టినకొద్దీ వచ్చేదే పనితనం. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వైఎస్ ప్రభుత్వం ఈ పథకం మొదలుపెట్టేదాకా, పేదవాడికి గుండె ఆపరేషనంటే ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి చుట్టూ తిరగడమే. పథకం వచ్చాక ఆ రోగులంతా ఆపరేషన్ బల్ల మీదికి రాగలిగారు. ఇవాళ "పేరున్న" సర్జన్లలో చాలామంది చేతులు కుదురుకున్నది ఆ కార్డు రోగుల మీదే. హైదరాబాద్ నిమ్స్‌లో కిడ్నీ మార్పిడులు, ఉస్మానియాలో కాలేయ మార్పిడులు ఇదే పథకం కింద జరిగాయి. అవి రెండో రకం వాళ్ళు చేసే పనులా?

పథకంలో అక్రమాలు జరగలేదని నేననను. అవసరం లేకుండా గర్భసంచులు తీసేసి బిల్లులు పెట్టుకున్న వ్యవహారం ఉమ్మడి రాష్ట్రంలో ఎంత దుమారం రేపిందంటే, ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు ఆసుపత్రుల జాబితాలోంచే తీసేయాల్సి వచ్చింది. కానీ ఇక్కడ కనీసం లెక్కైనా ఉంది. ప్రతి కేసుకూ ట్రస్టు దగ్గర ఫైలుంది, లెక్కపెట్టగలిగారు. నగదు కట్టి తీయించుకున్న గర్భసంచుల లెక్క ఎవరి దగ్గరుంది?

ఈ చిన్నచూపును నిజం చేయడానికి కంకణం కట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు మన ప్రభుత్వాలే. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ ఏకంగా 25 లక్షలు ప్రకటించింది. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంది; ఆంధ్రలో ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. బిల్లులు మాత్రం నెలల తరబడి కదలవు. బకాయిల కోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటికి పదిసార్లు సేవలు ఆపేశాయి. సమయానికి డబ్బు రాకపోతే మంచి ఆసుపత్రులు ఒక్కొక్కటే జారుకుంటాయి. అప్పుడు పెదవి విరిచిన పెద్దమనిషి మాటే నెగ్గుతుంది. పరిమితి పెంచుతూ వేసే హోర్డింగు మీద, పోయిన ఏడాది బిల్లుల్లో ఎన్ని తీర్చారో కూడా రాస్తే బాగుంటుంది.

ఈలోగా ఖర్చు లేకుండా చేయగల పని ఒకటుంది. కేసు అనుమతి కోసం ఆసుపత్రి ట్రస్టుకు పంపే వివరాల్లో చికిత్స చేసే డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. ఆ వివరాల నకలు ఒకటి రోగి చేతికివ్వాలి. అది చేతిలో ఉంటే, జూనియర్లు చేస్తారని గుసగుసలాడే కుర్రాడికి ఆ కాగితమే చూపించి అడగొచ్చు.