మందు నిర్ణయము వైద్యునిదే

1994 సెప్టెంబరులో, తెలుగు నేతపనివారు అనేకులు నివసించు సూరత్ నగరమున ప్లేగు భయము వ్యాపింపగా, దుకాణములలో టెట్రాసైక్లిన్ మాత్రలు కరవయ్యెను. రోగము సోకనివారును వానిని కొని దాచుకొనిరి.

ప్లేగునకు స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ రెండును మందులే. మొదటిది సూదిమందు, క్రిములను చంపును గాని, వినికిడికిని మూత్రపిండములకును హాని చేయవచ్చును. రెండవది నోట మ్రింగునది. క్రిముల వృద్ధిని అరికట్టును. పాలతో పుచ్చుకొనినచో సరిగా ఒంటబట్టదు. 8 ఏండ్లలోపు పిల్లల పండ్లకు చెరగని మరక తేవచ్చును. గర్భస్థశిశువునకు రెండింటివలనను ప్రమాదము కలదు.

కావున ఏ మందు గొప్పదను వాదము వ్యర్థము. ఏ రోగికి ఏది తగునో నిర్ణయించుట వైద్యుని పని. భయపడి ఒకరు దాచిన మాత్ర, అవసరమైన వేరొకరికి అందకపోవును.