తూము ఎవరి చేతిలో ఉంది?

తుంగభద్రలో నీళ్లు పలచబడిన ప్రతి ఏడూ మన చానళ్లలో యుద్ధం మొదలవుతుంది. 2022 ఫిబ్రవరి తర్వాత ఆ యుద్ధానికి ఒక పేరు కూడా దొరికింది. అలంపూర్ ఒక దేశం, కర్నూలు ఇంకో దేశం; ఒకరు రష్యా, మరొకరు ఉక్రెయిన్. ఎవరు ఎవరన్నది మాత్రం స్టూడియోలో కూర్చున్న పెద్దమనిషిది నదికి ఏ ఒడ్డో దాన్నిబట్టి మారుతుంటుంది. 2023 నవంబరు 30న, తెలంగాణ జనం ఓటేయడానికి నిద్ర లేచేలోపే ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీదికి వచ్చి, 26 గేట్లలో 13 తమవంటూ ముళ్లకంచె పరిచిన రోజున ఈ పోలికకు మరింత బలం వచ్చింది. కేంద్ర బలగాలు వచ్చి నిలబడితే గానీ ఆ గొడవ సద్దుమణగలేదు.

పోలిక తెచ్చినవాళ్లెవరూ దాన్ని చివరిదాకా మోయరు. మోస్తే అది సాగర్ దగ్గర ఆగదు. గద్వాల జిల్లా దాటి, రాజోలిబండ ఆనకట్ట మీదికి వెళ్లి ఆగుతుంది.

క్రిమియా సంగతే చూడండి. 1954 ఫిబ్రవరి 19న సోవియట్ ప్రెసీడియం ఒక్క ఉత్తర్వుతో దాన్ని రష్యాలోంచి తీసి ఉక్రెయిన్‌లో కలిపింది. ఈ గదిలో సామాను ఆ గదిలో సర్దినట్టే అనుకున్నారు. ఆ తర్వాత నీపర్ నది మీది కఖోవ్కా జలాశయం నుంచి ఉత్తర క్రిమియా కాలువ తవ్వారు. ద్వీపకల్పం వాడుకునే నీళ్లలో నూటికి 85 పాళ్లు దాంట్లోంచే వచ్చేవి. 1991లో ఇల్లే విడిపోయింది. కొత్త దేశాలు పుట్టినప్పుడు పాత పాలనా సరిహద్దులే దేశ సరిహద్దులవుతాయన్నది అంతర్జాతీయ న్యాయంలో స్థిరపడిన సూత్రం. దానికి విరుద్ధంగా 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది, ఉక్రెయిన్ కాలువకు అడ్డుకట్ట వేసింది. 2022 ఫిబ్రవరిలో దండెత్తిన రెండు మూడు రోజులకే రష్యా సైన్యం చేసిన పనుల్లో ఆ అడ్డుకట్టను పేల్చేయడం ఒకటి. 2023 జూన్ 6న కఖోవ్కా డ్యామే తెగిపోయింది. నాటో మీద, పుతిన్ మనస్తత్వం మీద గంటలకొద్దీ చెప్పే మన విశ్లేషకులకు ఈ కాలువ ఎందుకో కనిపించదు. కాలువల కథలకు గ్రాఫిక్స్ బాగా రావు కాబోలు.

ఇక మన కాలువ. తుంగభద్ర నీళ్ల మీద మద్రాసు, హైదరాబాద్ ప్రభుత్వాలు 1944లో ఒప్పందం చేసుకున్నాయి. 1945 ఫిబ్రవరి 28న నదికి ఎడమ ఒడ్డున బేరార్ యువరాజు, కుడి ఒడ్డున మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ విడివిడిగా డ్యాంకు పునాదిరాళ్లు వేశారు. ఒక్క డ్యాంకు రెండు రాళ్లు! ఆ మరుసటి ఏడాది నిజాం సర్కారు దిగువన రాజోలిబండ దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టింది. ఆనకట్ట కట్టే చోటు మాన్వి తాలూకా. నీళ్లు పారాల్సినవి గద్వాల, అలంపూర్ తాలూకాలు. మూడూ అప్పట్లో ఒకే జిల్లా, రాయచూరు జిల్లా. తూము తెరిచే లస్కరు, చివరి మడికి నీళ్లు కట్టుకునే రైతు ఒకే కలెక్టరుకు అర్జీ పెట్టుకునే ఏర్పాటది.

1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. గద్వాల, అలంపూర్ మాత్రం తెలుగు తాలూకాలని విడదీసి మహబూబ్‌నగర్‌లో కలిపారు. భాష ప్రకారం చూస్తే సరైన పనే. కానీ గీత గీసినవాళ్లు కాలువ ఎక్కడ పుట్టి ఎక్కడ ముగుస్తుందో చూసుకోలేదు. ఆనకట్ట, 143 కిలోమీటర్ల కాలువలో మొదటి 42 కిలోమీటర్లు అటు పోయాయి. 87,500 ఎకరాల ఆయకట్టు ఇటు మిగిలింది. క్రిమియాకు జరిగిందే ఇక్కడా జరిగింది, పైగా రెండేళ్ల తేడాతో. తుపాకీ పేలలేదు కాబట్టి చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కలేదు.

కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఈ పథకానికి 17.1 టీఎంసీలు కేటాయించింది. అందులో కర్ణాటకకు 1.2, మిగతా 15.9 మనకు. ఆ తీర్పు 1976 మే 31న గెజిట్‌లో అచ్చయింది. కేటాయింపు గురించి ఇవాళ ఎవరికీ పేచీ లేదు. అలంపూర్, మానోపాడు, రాజోలి, వడ్డేపల్లి రైతులకు నీళ్లు రాకపోవడానికి కారణం కాగితం మీద నీళ్లు లేకపోవడం కాదన్నమాట. కాగితం మీద ఉన్న నీళ్లకు గేటు లేదు. కర్ణాటక పరిధిలోని కాలువకు పూడిక తీసే నాథుడు లేడు. ఆనకట్ట కుడి కొస కర్నూలు జిల్లా కోసిగి వైపు ఉంటుంది. అక్కడి తూముల షట్టర్లను బాంబులు పెట్టి పేల్చారన్నది నడిగడ్డలో పసిపిల్లలు కూడా చెప్పే కథ. తూము తెరిచి ఉంటే నీళ్లు కాలువ ఎక్కవు. దిగువన సుంకేసుల బరాజ్‌కు, అక్కడినుంచి కర్నూలు-కడప (కేసీ) కెనాల్‌కు పోతాయి. ఆనకట్టను అర అడుగు ఎత్తు చేసి ఆధునికీకరిస్తామంటే అటువైపు నుంచి అడ్డుపడ్డారు. విసిగిపోయిన తెలంగాణ ప్రభుత్వం చివరికి తుమ్మిళ్ల దగ్గర లిఫ్ట్ పెట్టుకుంది. వాలుకు పారాల్సిన నీళ్లను కరెంటు ఖర్చు పెట్టి తోడుకోవడం మన ఘనకార్యంగా ప్రారంభోత్సవం జరుపుకున్నాం.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. పత్రికల్లో నాకు ఎక్కడా కనిపించని సంగతి ఇది. ఆంధ్రప్రదేశ్ అదే ఆనకట్ట నుంచి కుడి కాలువ తవ్వుకుంటానంటోంది. తనకు 4 టీఎంసీలు ఇచ్చింది బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ అని చెబుతోంది. ఇచ్చిన మాట నిజమే. ఆ ట్రిబ్యునల్ 2010 డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది, 2013 నవంబరు 29న తుది నివేదిక ఇచ్చింది. కానీ 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం ఆరో సెక్షన్ చదవండి. ట్రిబ్యునల్ నిర్ణయాన్ని కేంద్రం గెజిట్‌లో ప్రచురించాలి. ప్రచురించాకే అది పక్షాలను కట్టిపడేస్తుంది. 2002 సవరణ ప్రకారం సుప్రీంకోర్టు డిక్రీకి ఉన్నంత బలం దానికి వచ్చేదీ అప్పుడే. సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరులోనే ఆ ప్రచురణను ఆపింది. అంటే ఆ 4 టీఎంసీలు చట్టం కళ్లకు ఇంకా పుట్టలేదు. పుట్టని బిడ్డకు బారసాల చేస్తామని పందిరి వేస్తుంటే, ‘నీటి యుద్ధం’ అని శీర్షిక పెట్టి ఇరుపక్షాల తిట్లూ సమానంగా అచ్చేయడం సమతూకం అవుతుందా?

దీనికి కర్నూలు మిత్రుల జవాబు నాకు తెలుసు. నోటిఫై కాని కేటాయింపుతో మేం కాలువ తవ్వితే తప్పయితే, ట్రిబ్యునల్ కేటాయింపే లేని పాలమూరు-రంగారెడ్డి మీరు నార్లాపూర్‌లో ఎలా కట్టారు? అనుమతుల్లేకుండా కట్టారని జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2022 డిసెంబరులో మీకు వందల కోట్ల జరిమానా వేయలేదా? వేసింది, సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. ఆ పథకం నీళ్ల లెక్క గోదావరి తీర్పులోని 45 టీఎంసీల మీద, చిన్ననీటి వనరుల్లో మిగులు మీద నిలబడి ఉంది. 2023 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన కొత్త విచారణాంశాలతో అది బ్రిజేష్ కుమార్ ముందుకే వెళ్లింది. ఈ జవాబులో లొసుగులున్నాయని నాకూ తెలుసు. అయినా రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టడానికి ఒప్పుకోను. ఎందుకంటే బచావత్ తీర్పులోనే పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ గురించి ఒక మాట ఉంది. హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే మహబూబ్‌నగర్‌కు సాగునీరు దక్కి ఉండేదని, కనుక ఆ ప్రాంతానికి నీళ్లివ్వాలని చెప్పి జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గట్టిగా అడక్కపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే ఆ పని చేసిందని ఇక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

హైదరాబాద్ రాష్ట్రం వేసుకున్న లెక్కలో తుంగభద్ర ఎడమ కాలువ పొడిగింపు నుంచి 19.2, ఎగువ కృష్ణ నుంచి 54.4, భీమ నుంచి 100.7, వెరసి 174.3 టీఎంసీలు పాలమూరుకు రావాలి. మూడూ వాలుకు పారే కాలువలే, మోటారు అక్కరలేనివి. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 108వ సెక్షన్ అప్పటికే కుదిరిన ఒప్పందాలను కాపాడింది. అందుకే రాజోలిబండ బతికింది. డ్రాయింగు బోర్డు మీద ఉన్నవాటిని ఆ సెక్షన్ కాపాడలేదు. అందుకే ఆ 174.3లో చుక్క మిగల్లేదు. జూరాలకు దక్కిన 17.84 అంటే పోయినదాంట్లో పదో వంతు. వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లు బొంబాయికీ, పుణెకూ మట్టిపనికి వలస పోవడం వెనక అనావృష్టి ఎంత ఉందో, ఒక చట్టంలోని ఖాళీ అంత ఉంది. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కొల్లాపూర్ వైపు ఊళ్లు మునిగాయి. నీళ్లు మాత్రం ఎదుటి ఒడ్డున పోతిరెడ్డిపాడు తూము గుండా వెళ్లాయి. నిర్వాసితుల ఉద్యోగాల కోసం 1986లో ఇచ్చిన జీవో 98ను పట్టుకుని తిరిగినవాళ్లకు జుట్టు నెరిసింది.

ఇంత చెప్పాక కూడా, ఇది రెండు జనాల మధ్య వైరం అంటే నేను ఒప్పుకోను. కర్నూలును నిజాం 1800లో కంపెనీకి వదిలేయకముందు, నిజాం ఏలుబడిలో తుంగభద్ర సరిహద్దు కాదు. ఆ తర్వాత నూట యాభై ఏళ్లకు పైగా సరిహద్దయింది, 1956లో పోయింది, 2014 జూన్ 2న తిరిగొచ్చింది. ఇన్నిసార్లు గీత మారినా అలంపూర్ వాళ్లు జ్వరమొస్తే కర్నూలు పెద్దాసుపత్రికే పోతారు, పెళ్లి బట్టలు అక్కడే కొంటారు, పిల్లను ఇచ్చిపుచ్చుకునేదీ అక్కడే. కాలువకు నీళ్లు రాలేదని తిట్టుకునే బావ, బామ్మర్దులు ఆదివారం ఒకే ఇంట్లో భోంచేస్తారు. ఈ ముచ్చటను రాజకీయం ఎంత తేలిగ్గా తుడిచేయగలదో మాత్రం 2021 మేలో చూశాం. కోవిడ్ రోజుల్లో కర్నూలు వైపు నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు బయల్దేరిన అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేటు దగ్గర మన పోలీసులు ఆపేశారు. ఆక్సిజన్ పెట్టుకున్న రోగులు జాతీయ రహదారి మీద గంటల తరబడి ఆగారు. దానికి వత్తాసుగా ఇచ్చిన సర్క్యులర్‌ను హైకోర్టు వెంటనే నిలిపేసింది. ఆ వారం తెలంగాణ వాడిగా నాకు తలెత్తుకోవడం కష్టమైంది. నీళ్ల మీద మన హక్కు ఎంత గట్టిదైనా, గాలి మీద ఎవరికీ హక్కు లేదు.

సరిగ్గా ఇందుకే రాజోలిబండను పోలీసులకూ, శాసనసభ్యుల పరామర్శ యాత్రలకూ వదిలేయకూడదంటున్నాను. ఆనకట్టను, కర్ణాటకలోని ఆ 42 కిలోమీటర్ల కాలువను తుంగభద్ర బోర్డు చేతిలో పెట్టాలన్న డిమాండ్ పాతదే. బోర్డు 1953 నుంచి ఉంది. మూడు రాష్ట్రాలూ దాంట్లో ఉన్నాయి. రాజోలిబండకు డ్యాం నుంచి ఇండెంటు ప్రకారం నీళ్లు వదిలేది ఇప్పుడూ అదే బోర్డు. వదిలిన నీళ్లు దారిలో ఏమయ్యాయో అడిగే అధికారం మాత్రం దానికి లేనట్టే నడుస్తోంది. బోర్డులో కర్ణాటక మాటే చెల్లుతుందని కొందరి అనుమానం. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, వరద హోరులో వారం రోజుల్లో స్టాప్‌లాగ్ దించి నీళ్లు నిలబెట్టింది ఆ బోర్డు ఆధ్వర్యంలోనే. దించిన ఇంజినీరు కన్నయ్యనాయుడు తెలుగువాడు, పనిచేసింది కన్నడ గడ్డ మీద, దక్కిన నీళ్లు మూడు రాష్ట్రాలవీ.

తూముకు తాళం బోర్డు ఇంజినీరు దగ్గర ఉండాలి. కర్ణాటక సరిహద్దు దాటేచోట గేజి రీడింగు ఏ పూటకాపూట మూడు రాజధానులకూ వెళ్లాలి. 15.9 టీఎంసీలు నడిగడ్డ చేరాయని రెండు మూడు సీజన్లపాటు లెక్క తేలాక, గెజిట్‌లో బ్రిజేష్ కుమార్ తీర్పు అచ్చయ్యాక, కుడి కాలువ గురించి కోసిగి రైతు చెప్పేది వినడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ వరస తలకిందులు చేసి, ముందు కాలువ తవ్వి తర్వాత చట్టం వెతుక్కుంటామంటే మాత్రం అలంపూర్ రైతు ఊరుకోడు, ఊరుకోవాల్సిన పనీ లేదు.