నాయనమ్మ, మనుమడు, కంప్యూటరు

రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో పెరిగే తెలుగు బాలునికి బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. ఆ తెలుగు చెవికి తెలిసినదే కాని కంటికి తెలియనిది. నాయనమ్మ మాట అర్థమవుతుంది; ఆమె పేర వచ్చిన శుభలేఖ చదవటం రాదు. తెలుగు పుస్తకం కావాలంటే వేసవిలో విజయనగరం ప్రయాణం దాకా ఆగటం ఆ ఇళ్ళలో అలవాటు.

బడి గ్రంథాలయంలో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు ఒకటి ఉంటే అంతవరకు ఆగనక్కరలేదు. ఖరగ్‌పూర్ ఐఐటి రూపొందించగా 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో సభ్యత్వానికి రుసుము లేదు. 2024లో వెలువడిన రాష్ట్రీయ ఇ-పుస్తకాలయం పిల్లల పుస్తకాలను వయసుల వారీగా, పలు భారతీయ భాషలలో అందిస్తున్నది. బ్రౌన్ దొర నిఘంటువు 1903 నాటి కూర్పు షికాగో విశ్వవిద్యాలయం పుణ్యమా అని తెరమీదికి వస్తుంది. ఇంగ్లీషు అర్థాలు కావలసిన విద్యార్థికి అంతకంటె మంచి తోడు అరుదు.

చిక్కు మరొకచోట ఉన్నది. పాత తెలుగు గ్రంథాలు చాలావరకు పుటల ఛాయాచిత్రాలే. లోపలి మాటను వెదకమంటే యంత్రం తెల్లమొగం వేస్తుంది. పట్టికలో పేర్లు రోమను లిపిలో, చిత్రమైన వర్ణక్రమాలతో ఉంటవి. ఒకే పేరును మూడు నాలుగు విధాల కొట్టి చూడవలసిందే. తీరా పుస్తకం దొరికినా, అక్షరం రానివానికి అది బొమ్మల వరుస.

చదవగలిగిన నాయనమ్మ ఇంట్లోనే ఉన్నది. ఆమెకు కంప్యూటరు రాదు. అక్షరాన్ని తెరపై పెద్దది చేయటం మనుమడికి తెలుసు. బడివారు శనివారం ఒక గంట ఆమెను గ్రంథాలయంలోకి రానివ్వవలసి ఉంటుంది.