జమానతు సంతకం నేనెందుకు పెట్టలేదంటే

పోస్టు పొడుగైంది. నార్లు పోసుకునే రోజులు, ఎవరికీ తీరిక లేదని తెలుసు. రాత్రి తిన్నాకైనా ఆఖరిదాకా చదవండి.

మా వాడకట్టు తమ్ముడొకాయన పోయిన వారం బ్యాంకు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చిండు. బిడ్డకు ఇంటర్ అయింది. పట్నం పక్కన ఒక ప్రైవేటు యూనివర్సిటీల ఫోరెన్సిక్ సైన్సు డిగ్రీ సీటు వచ్చింది. మూడేండ్లకు ఆరు లక్షల లోను. నాలుగు లక్షలు దాటితే బ్యాంకు మూడో మనిషి జమానతు అడుగుతది, అందుకే నా సంతకం కావాలన్నడు. నేను పెట్టలేదు. అప్పటినుంచి "ఆడపిల్ల సదువుకు అడ్డం పడ్డడు" అని చాయ్ హోటల్ కాడ మాట నడుస్తున్నది. నా జవాబు నలుగురి ముందే చెప్త.

నా పెద్దకొడుకు 2018ల క్రిమినాలజీ డిగ్రీల చేరిండు. చేర్పించిన ఏజెంటు ఏమన్నడంటే, "పోలీసు ఉద్యోగానికి ఇదే దగ్గరి దారి, డిపార్ట్‌మెంటు వాళ్లు మన పిల్లలనే తీసుకుంటరు". నేను ఇంటర్ దాకా చదివినోన్నే గదా, ఆ మాట ఎవరినన్నా అడిగి తెలుసుకోవాలన్న సోయి లేకపోయింది. ఏడాదికి రెండు లక్షల చొప్పున ఆరు లక్షల లోను, వడ్డీ నూటికి పదకొండు. జమానతు మా బావమరిది.

ఇప్పుడు లెక్క చూడండి. చదువుకునే మూడేండ్లు, తర్వాత ఒక ఏడాది కిస్తీ కట్టే పని లేదు అంటరు. నిజమే. కానీ వడ్డీ ఆగదు. మొదటి రెండు లక్షల మీద నాలుగేండ్ల వడ్డీ 88 వేలు, రెండో రెండు లక్షల మీద మూడేండ్లది 66 వేలు, ఆఖరిదాని మీద 44 వేలు. మొత్తం 1,98,000. కిస్తీ మొదలయ్యే నాటికి మా అప్పు 6 లక్షలు కాదు, 7,98,000. పదేండ్లల కట్టాలంటే నెలకు 11 వేలు. అంటే ఆరు లక్షలు తీసుకున్నందుకు కట్టేది 13 లక్షల పైమాట.

కొడుకు ఇప్పుడు ఒక సెక్యూరిటీ ఏజెన్సీల సూపర్‌వైజర్. జీతం 17 వేలు. కిరాయి, తిండి పోతే వాని చేతుల 11 వేలు ఎక్కడివి? కాబట్టి నేనే కడుతున్న. ఎకరానికి 24 క్వింటాళ్ల సన్నొడ్లు పండినయి అనుకుందాం, 2025-26 మద్దతు ధర 2,389 చొప్పున 57 వేలు. దున్నుడు, నాట్లు, మందులు, కోత మిషను అన్నీ పోతే నాకు మిగిలేది 22 వేలు. ఏడాది కిస్తీ 1,32,000. అంటే ఆరెకరాల మిగులు. నాకున్నది మూడెకరాలు. వానాకాలం, యాసంగి రెండు పంటలు ఒక్క గింజ తాలు పోకుండా ఇంటికి వస్తే, ఆ మిగులంతా బ్యాంకుకే. రాళ్లవాన పడ్డ యాసంగిల నాలుగు కిస్తీలు తప్పినయి. బ్యాంకు వాళ్లు ఫోన్ చేసింది నాకు కాదు, మా బావమరిదికి. ఆయన ట్రాక్టర్ లోనుకు పోతే సిబిల్ బాగలేదని వాపసు పంపిన్రు. అప్పటినుంచి మా ఇంటి గడప తొక్కలేదు. సంతకం అంటే ఏందో నాకు తెలిసింది గట్ల.

సరే, పోలీసు ఉద్యోగం సంగతి. కానిస్టేబుల్‌కు కావాల్సింది ఇంటర్. ఎస్సైకి ఏదో ఒక డిగ్రీ, అది బీకాం అయినా సరే, బీఏ తెలుగు అయినా సరే. మన దగ్గర 2022ల పడ్డ నోటిఫికేషన్ల కానిస్టేబుల్ స్కేలు 24,280 నుంచి 72,850, ఎస్సైది 42,300 నుంచి 1,15,270. పరీక్షల అడిగేది అరిథ్‌మెటిక్, రీజనింగ్, చరిత్ర, భూగోళం, ఇంగ్లీషు, తెలంగాణ ఉద్యమం. క్రిమినాలజీ అని ఒక పేపరే లేదు. ఆడపిల్లకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలె, 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల ఉరకాలె. ఆ ఉరుకుడు ఏ యూనివర్సిటీ క్లాసురూముల నేర్పరు, మన చెరువు కట్ట మీద నేర్చుకోవచ్చు. నా కొడుకు ఆ నోటిఫికేషన్‌కే రాసిండు, కటాఫ్ కాడ పోయింది. వానితోటి రాసిన మా పక్కూరి పిలగాడు సర్కారు డిగ్రీ కాలేజీల బీఏ చదివినోడు, ఇయ్యాల యూనిఫాం ఏసుకొని తిరుగుతున్నడు. వాని చదువుకు అయిన ఖర్చు మా వాని హాస్టల్ ఫీజంత లేదు.

"ఫోరెన్సిక్ అట్ల కాదు, కొత్త చట్టం వచ్చింది" అని తమ్ముడు వాదించిండు. ఆ మాట ఆయనది కాదు, కాలేజీ కరపత్రంలది. చట్టం వచ్చిన మాట నిజం. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేండ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలల్ల ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన జాగకు పోవాలె. కానీ అదే చట్టం దాన్ని అమలు చేసేటందుకు రాష్ట్రాలకు ఐదేండ్ల దాకా గడువు ఇచ్చింది. కరపత్రంల ఆ ముక్క ఉండదు. కొలువులు ఇచ్చేది చట్టం కాదన్నా, నోటిఫికేషన్. రెడ్ హిల్స్‌ల ఉన్న మన ఫోరెన్సిక్ ల్యాబుకు పోస్టులు పడితే పదులల్ల పడతయి, వేలల్ల కాదు. యూనివర్సిటీలు మాత్రం ఏడాదికేడాది సీట్లు పెంచుకుంటనే పోతున్నయి.

ఆ చదువే దండగ అని నేను అనను. గుజరాత్ గాంధీనగర్‌ల కేంద్రం వాళ్ల నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉన్నది, ప్రవేశపరీక్ష పెట్టి తీసుకుంటరు. ఆ బిడ్డ అక్కడ సీటు కొట్టుకొస్తే నేనే పోయి సంతకం పెడ్త, బావమరిది కథ మరిచిపోయి. కానీ పరీక్ష లేకుండా, మార్కులు అడగకుండా, ఫోన్ చేసి మరీ పిలిచి సీటు ఇచ్చేటోడు మన బిడ్డ తెలివిని చూస్తున్నడా, మన పట్టా పాసుబుక్కును చూస్తున్నడా?

ఇంకొక మాట, చానా మంది అడగరు. "మీ దగ్గర చదివి బయటికి పోయిన పిల్లలు పది మంది ఫోన్ నంబర్లు ఇయ్యండి" అని కాలేజీని అడగండి. గోడ మీది ఫొటోలు కాదు, నంబర్లు. మీరే ఫోన్ చేసి జీతమెంత, కిస్తీ ఎంత అని అడగండి. తమ్ముడు నా ముందరే అడిగిండు. ఫీజు కట్టినాక ఇస్తరట.

ఆడపిల్ల అని నేను వెనకకు గుంజలేదు. ఆ పిల్లకు ఇంటర్‌ల 900 పైన మార్కులు వచ్చినయి. సర్కారు కాలేజీల బీఎస్సీ కెమిస్ట్రీ చేరి, ఆ ఆరు లక్షలల్ల ఒక లక్ష పెట్టి ఎస్సై కోచింగ్ పోతే నాకు సంతోషం. అది మొన్న వాళ్ల అమ్మ ముందరే చెప్పిన. పిల్ల ఏం మాట్లాడలేదు, తల ఊపింది. నాయనకే మనసొప్పుతలేదు, పెద్ద యూనివర్సిటీ అని నలుగురికి చెప్పుకున్నడు గదా.

తమ్మీ, ఫీజుకు ఈ నెలాఖరే గడువని నాకు తెలుసు. జమానతు కాగితం నా అలమారల భద్రంగనే ఉన్నది, చింపలేదు. ఆదివారం పొద్దున రా. నా కొడుకు లోను స్టేట్‌మెంటు మొత్తం ముందర పెడ్త, బిడ్డను కూడా తీసుకరా. చూసినాక కూడా సంతకం పెట్టమంటే అప్పుడు మాట్లాడుకుందాం.

చాయ్ హోటల్ కాడ మాట్లాడేటోళ్లు కూడా రావచ్చు.