పది సంతకాల గడప

1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిన పల్లెల గోడు అది. ఆ ఏడే చట్టం మారింది: 500 రూపాయల డిపాజిట్ 10,000 అయింది, స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులు తప్పనిసరయ్యారు. నేడు డిపాజిట్ 25,000. దళిత, ఆదివాసీ అభ్యర్థులకు అందులో సగం. ఆ రాయితీ న్యాయమే. అయితే గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క సంతకం చాలు. పార్టీ అండలేని మాదిగ కూలీకి పది కావాలి. ప్రతిపాదకుల పేర్లు నోటీసు బోర్డుకెక్కుతాయి. తాము ఎవరి పొలంలో కూలికి పోతారో ఆ ఆసామి కూడా వాటిని చదువుతాడు. డబ్బు కన్నా ఇదే బరువని నేనంటాను. రిజర్వుడు స్థానంలో సైతం టికెట్ పంచేది చాలాచోట్ల ఆధిపత్య కులాల నాయకత్వమే. వారికి మొక్కనివాడికి మిగిలింది స్వతంత్ర పోటీ ఒక్కటే. ఆ ఒక్క సంతకం నియమాన్ని కనీసం రిజర్వుడు స్థానాల్లోనైనా అందరికీ వర్తింపజేయాలి.