పిడికెడు ముందు తీసి

కానుక సంచి మన వరుసకి వచ్చేసరికి వేళ్లు ఐదొందల నోటును తప్పించుకుని పది కాగితం కోసం తడుముకుంటాయి. ఆ వేళ్లను ప్రసంగాలు మార్చలేవు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో పౌలు మాసిదోనియ సంఘాలను మెచ్చుకుంటూ ముందుగా ఎత్తిన మాట వాళ్ల దాతృత్వం గురించి కాదు, దేవుడు వాళ్లకిచ్చిన కృప గురించి. నిరుపేదలు, పైగా శ్రమల్లో ఉన్నవాళ్లు. అయినా యెరూషలేము విశ్వాసుల కోసం మమ్మల్నీ ఇవ్వనివ్వండని బతిమాలుకున్నారట. (అలా బతిమాలేవాళ్లను మన సంఘాల కోశాధికారులు ఎవరైనా చూశారా?) కాబట్టి ఇచ్చే మనసునూ దేవుణ్ణే అడిగి తెచ్చుకోవాలి. ‘ఒకటిస్తే వంద వస్తుంది’ అంటూ వేదికలెక్కి చేసే బేరం నాకు గిట్టదు, అది డబ్బు వడ్డీకి తిప్పడమే. మిజోరం ప్రెస్బిటేరియన్ ఇళ్లలో 1910 నుంచీ వేరే పద్ధతి. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఓ పిడికెడు తీసి సంఘం పేరిట పక్కన పెడుతుంది. జీతం రావాలని, ఏమైనా మిగలాలని చూడరు. పొయ్యి వెలిగిన ప్రతిసారీ ఆ చెయ్యి దేవుడి సాయంతో మళ్లీ తెరుచుకోవాలి. అలా పోగైన బియ్యం అమ్మిన డబ్బు సువార్త పనికి వెళుతుంది.