దారం కనిపించే దయ్యం



రాత్రివేళ కరెంటు పోతే పెరట్లోకి వెళ్ళడానికి భయపడే పిల్లలు మన ఇళ్ళల్లో చాలామంది ఉంటారు. చింతచెట్టు మీద ఏదో ఉందని ఎవరో చెప్పి ఉంటారు. కాలవ గట్టున తెల్లచీర కనిపించిందని ఇంకెవరో చెప్పి ఉంటారు. "ఏమీ లేదురా, పడుకో" అంటాం మనం. వాడు పడుకుంటాడు గాని, వాడి భయం పడుకోదు. ఈ నెల ఆ భయం గురించే ఆలోచిద్దాం. అయితే కొంచెం వింత దారిలో వెళదాం. తక్కువ ఖర్చుతో తీసిన దయ్యాల, రాక్షసుల సినిమాల గురించి మాట్లాడుకుందాం.

"సంఘ పత్రికలో సినిమా కబుర్లా?" అని కొందరు పెద్దలు అడగవచ్చు. వారి మాటను తోసిపుచ్చలేం. సినిమా హాలు గడప తొక్కకుండానే బ్రతుకు వెళ్ళదీసిన విశ్వాసులు మన సంఘాలలో ఎందరో ఉన్నారు. అలాంటివారు కూడా 1978లో విడుదలైన 'కరుణామయుడు' చిత్రాన్ని ఊరి మధ్య తెర కట్టి చూపిస్తే చాపలు పరచుకుని కూర్చుని కన్నీళ్ళతో చూశారు. అదే 1978లో మరో చిత్రం కూడా వచ్చింది. అది బి. విఠలాచార్య గారి 'జగన్మోహిని'. అందులో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. సినిమా చూడనివారికి కూడా ఆ ముచ్చట తెలుసు. అంతగా అది ఇంటింటా చెప్పుకున్న కథ.

విఠలాచార్య గారు 1920లో కర్ణాటకలోని ఉడుపి ప్రాంతంలో పుట్టారు. టూరింగ్ టాకీసు నడిపి, ఆ తరువాత చిత్రాలు తీయడం మొదలుపెట్టి, మద్రాసు చేరి తెలుగువారికి 'జానపద బ్రహ్మ' అయ్యారు. 1999లో కన్నుమూశారు. ఆయన పొదుపు గురించి ఎన్నో కథలు చెప్పుకుంటారు. ఒక చిత్రానికి వేసిన సెట్టునే రంగు మార్చి మరో చిత్రానికి వాడేవారట. ఎవరైనా నటుడు సమయానికి రాకుండా ఇబ్బంది పెడితే, ఆ పాత్రను శాపంతో ఏ చిలుకగానో మార్చేసి కథ నడిపించేవారని కూడా అంటారు. అందులో ఎంత నిజమో గాని, టూరింగ్ టాకీసు నడిపిన మనిషికి నేల టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడి మనసు తెలుసన్నది మాత్రం నిజం.

కృష్ణా డెల్టాలో ఆ ప్రేక్షకులకు కొదువ లేదు. విజయవాడ గాంధీనగరంలోని పంపిణీ ఆఫీసుల నుండి రీళ్ళ పెట్టెలు పల్లెలకు చేరేవి. కోతలైపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో డేరా హాళ్ళ ముందు బండ్లు ఆగేవి. ఇసుకను గుట్టగా పోసుకుని, దాని మీద కూర్చుని చూసేవారు. తెర మీద అస్థిపంజరం నడిచి వస్తుంటే చిన్నపిల్లలు తల్లి చెంగులో ముఖం దాచుకునేవారు. కొంచెం పెద్దపిల్లలు మాత్రం "ఒరే, దారం కనపడుతోందిరా!" అని అరిచేవారు. అంతే, హాలంతా నవ్వులు.

ఆ సినిమాల అందమంతా ఆ అరుపులోనే ఉంది. డబ్బు లేనందువల్ల మాయ పూర్తిగా దాగేది కాదు. దాగనందువల్ల పిల్లవాడికి "ఇది ఎలా చేశారు?" అనే ప్రశ్న పుట్టేది. జవాబు కూడా అందుబాటులోనే ఉండేది. మనిషి మాయం కావాలంటే కెమెరా ఆపుతారు, ఆ మనిషి పక్కకు తప్పుకుంటాడు, మళ్ళీ కెమెరా తిప్పుతారు. ఫిల్ముపై సగం భాగం మూసి ఒకసారి, మిగిలిన సగం మూసి మరోసారి తీస్తే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఫ్రాన్సు దేశంలో జార్జి మెలియె అనే ఆయన 1902లోనే చంద్రమండల యాత్ర గురించి ఒక చిన్న చిత్రం తీశాడు. అందులో చంద్రలోకవాసులను గొడుగుతో కొడితే పొగై పోతారు. అదీ ఇదే కెమెరా కిటుకు.

మన తెలుగులో ఇలాంటి వింతలకు జానపద కథలే ఎక్కువగా ఆధారమయ్యాయి. ఇతర దేశాలలో విజ్ఞాన కల్పన ఆధారమైంది. జపాను వారి 'గాడ్జిల్లా' చూడండి. అది 1954 నవంబరులో విడుదలైంది. 1933లో అమెరికాలో 'కింగ్ కాంగ్' తీసినట్లు చిన్న బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ తీయాలంటే ఏళ్ళు పట్టేది. అంత సమయమూ డబ్బూ లేవు. అందుకని సుబురయా అనే నిపుణుడు రబ్బరు తొడుగు చేయించి, అందులో మనిషిని దూర్చి, బొమ్మ ఇళ్ళ మధ్య నడిపించాడు. లోపలి మనిషి చెమటతో తడిసిపోయేవాడు. మృగం గర్జన కోసం ఒక పెద్ద తంత్రీవాద్యం తీగలను తోలు చేతితొడుగుతో రుద్దారు.

ఆ రబ్బరు మృగం వెనుక నిజమైన దుఃఖం ఉంది. ఆ సంవత్సరం మార్చి 1న బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దూరంగా చేపలు పట్టుకుంటున్న 'లక్కీ డ్రాగన్' అనే జపాను పడవ మీద విషపు బూడిద రాలింది. అందులోని 23 మంది జబ్బుపడ్డారు. వారిలో ఒకరు సెప్టెంబరులో మరణించారు. సముద్రం మీది పడవ నాశనం కావడంతోనే ఆ సినిమా మొదలవుతుంది. కంటికి కనిపించని భయానికి వారు ఒక ముఖం ఇచ్చారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలాది ప్రాణాలు తీసింది. సముద్రం నుండి వచ్చే మృత్యువు సంగతి మన తీరంవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

మన పాఠకులకు ఆసక్తి కలిగించే మరో చిత్రం ఉంది. అమెరికాలో 1958లో వచ్చిన 'ది బ్లాబ్'. ఆకాశం నుండి పడిన ఒక జిగురు ముద్ద మనుషులను మింగుతూ పెరిగిపోతుంది. మింగినకొద్దీ ఎర్రబడుతుంది. దాని దర్శకుడు ఇర్విన్ యేవర్త్ ఎవరనుకుంటున్నారు? పెన్సిల్వేనియా రాష్ట్రంలో క్రైస్తవ చిత్రాలు, విద్యా చిత్రాలు తీసే వ్యక్తి! రంగు కలిపిన సిలికోను ముద్ద, చిన్న చిన్న బొమ్మ ఇళ్ళు – ఇవే ఆయన సరంజామా. కథ మాత్రం గట్టిది. ప్రమాదాన్ని మొదట చూసింది కుర్రవాళ్ళు. వారు చెబితే పెద్దలు నమ్మరు. పెద్దలు నమ్మేసరికి ఆలస్యమవుతుంది. తల్లిదండ్రులు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక అసలు మాటకు వద్దాం. సినిమావాడు టిక్కెట్టు తీసుకుని భయపెడతాడు, మూడు గంటల తరువాత దీపాలు వేసి ఇంటికి పంపిస్తాడు. దీపాలు వేయకుండా భయాన్ని అమ్ముకునేవారు మన ఊళ్ళలో వేరే ఉన్నారు. మూర్ఛ వచ్చిన అమ్మాయికి గాలి సోకిందంటారు. కామెర్ల రోగికి చేతబడి జరిగిందంటారు. ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయమూ, పుస్తెలు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బూ వారి పాలవుతాయి. చేతబడి చేసిందన్న అనుమానంతో దిక్కులేని స్త్రీలను కొట్టి చంపిన వార్తలు పత్రికలలో చదివాం. ప్రార్థన పేరుతో ఇదే వ్యాపారం చేసేవారు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా? వీరెవ్వరూ దారం కనపడనివ్వరు. "ఇది ఎలా చేశారు?" అని అడిగితే "నీకు విశ్వాసం లేదు" అని నోరు మూయిస్తారు.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పాత సినిమాలన్నీ పిల్లలతో కలిసి చూడదగినవని చెప్పడం లేదు. వాటిలో వద్దనుకునే నాట్యాలూ మాటలూ ఉన్నాయి. ముందు మీరు చూసి, తగినవి ఎంచుకోండి. ఇప్పుడు కంప్యూటరుతో చేసే రాక్షసులకు దారం కనిపించదు. పిల్లవాడు సెల్‌ఫోనులో వాటిని ఒంటరిగా చూస్తే ఆ భయం వాడి దగ్గరే ఉండిపోతుంది. పక్కన కూర్చోండి. "ఇది ఎలా తీసి ఉంటారు?" అని అడగండి. గోడ మీద చేతి నీడతో కుక్కనో కొంగనో చేసి చూపించండి. వాణ్ణి కూడా చేయమనండి. దయ్యాన్ని తన చేతులతో చేసిన పిల్లవాడు దానికి తొందరగా లొంగడు. ఊరిలో ఎవరినైనా దయ్యమనో మంత్రగత్తె అనో వేలెత్తి చూపినప్పుడు కూడా, నలుగురితో కలిసి పరుగెత్తకుండా ఒక్క నిమిషం ఆగి దారం కోసం చూస్తాడు.

రాత్రివేళ గాలి ఎదురైన సరస్సు మీద శిష్యులు ఒక ఆకారాన్ని చూసి భూతమనుకుని కేకలు వేశారని సువార్తలలో చదువుతాం. ప్రభువు వారిని వెక్కిరించలేదు, గద్దించలేదు. వెంటనే మాట్లాడి, తానెవరో చెప్పి, పడవ ఎక్కాడు. భయపడే పిల్లవాడి దగ్గర మనం చేయవలసిందీ అదే. ఈసారి కరెంటు పోయినప్పుడు "ఏమీ లేదు, పడుకో" అని సరిపెట్టకండి. లాంతరు పట్టుకుని, వాడి చెయ్యి పట్టుకుని, ఆ చింతచెట్టు దాకా నడవండి.